చేబదులు

ఇల్లు వీపున వేసుకుని తిరిగే జీవులు నత్తా, తాబేలూ అని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇప్పుడు వాటి సరసన మనిషి కూడా చేరాడు. బండిలోనే మంచం, బండిలోనే పొయ్యి, బండిలోనే నీళ్ళ తొట్టి. సినిమావాళ్ళ పుణ్యమా అని 'క్యారవాన్' అన్న మాట మన పల్లెలకు కూడా తెలిసిపోయింది. పొద్దు గూకిన చోట ఆపుకోవచ్చు, నచ్చినంతసేపు ఉండవచ్చు. ఇందులో ప్రకృతి సౌందర్యం మాట ఎలా ఉన్నా, అసలు రుచి వేరే ఉందని నా అనుమానం. ఎవరి గడపా తొక్కనక్కరలేదు, ఎవరినీ గుక్కెడు నీళ్ళు అడగనక్కరలేదు. అదీ రుచి!

మన పెద్దవాళ్ళలో ఈ రుచి మరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. "నేను ఒకరికి పెట్టినవాణ్ణే గాని, ఒకరి దగ్గర పుచ్చుకున్నవాణ్ణి కాదు" అని రొమ్ము విరుచుకుని చెప్పే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. విన్నవాళ్ళంతా "ఆహా, ఎంత స్వాభిమానం!" అంటారు. నేనూ అన్నవాణ్ణే. కాని ఎవరికీ బాకీ పడకుండా బతకడం నిజంగా అంత గొప్ప గుణమేనా? అసలు అది సాధ్యమేనా?

సరదాకోసం ఇల్లులాంటి బండిని ప్రత్యేకంగా కట్టించుకుని ఊరేగిన తొలి మనిషిగా పేరు పొందినవాడు గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు. నౌకాదళంలో పనిచేసి విరమించుకున్నాడు. 1885లో 'వాండరర్' అనే బండి కట్టించుకుని ఇంగ్లండునుంచి స్కాట్లండుదాకా ప్రయాణం చేశాడు. స్వేచ్ఛాజీవి అన్నమాట! అయితే ఆ స్వేచ్ఛను లాగడానికి గుర్రాలు కావలసివచ్చాయి. గుర్రాలను తోలడానికి ఒక మనిషి. ఎదురొచ్చే బళ్ళను హెచ్చరించడానికి మూడు చక్రాల సైకిలు మీద ముందు పోయే నౌకరు ఒకడు. ఒంటరిగా తిరగడానికి ఇంతమంది సాయం పట్టింది ఆయనకు.

మా బావకు ఈ కథ చెబితే నవ్వలేదు. ఆయనది ఆళ్ళగడ్డ. లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉంది. ఒక పాత మినీబస్సు చవకగా దొరికితే, సీట్లు పీకేసి, రెండు బెర్తులు బిగించి, మూడు వందల లీటర్ల తొట్టీ, గ్యాసు పొయ్యీ అమర్చాడు. మాఘ పౌర్ణమికి సముద్రస్నానం చేయాలని మా అక్క ఎన్నేళ్ళనుంచో అంటూ ఉంది. నంద్యాలలో నన్ను కూడా ఎక్కించుకున్నారు.

"ఏం బామ్మర్దీ, మనకు ఇంకొకరి మొహం జూసే ఖర్మేంది? తొట్టిలో నీళ్ళుండాయి. సిలిండరుండాది. సోనామసూరి మూటుండాది. దేవుడొచ్చినా మనల్ని ఏం అడగలేడు, మనం దేవుణ్ణేం అడగం" అన్నాడు బావ, స్టీరింగు మీద చెయ్యి వేసి.

గాజులపల్లె దాటి నల్లమల ఎక్కాం. గిద్దలూరు, కంభం, పొదిలి మీదుగా ఒంగోలు చేరి, అక్కడినుంచి కొత్తపట్నం తీరానికి పోయేసరికి చీకటి పడింది. సరుగుడు తోపు పక్కన బండి ఆపాం. అక్క బియ్యం కడుగుదామని కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. ఘాటు రోడ్డు కుదుపులకు తొట్టి కింద గొట్టం ఊడిపోయింది కాబోలు, మూడు వందల లీటర్లూ దారి పొడుగునా ధారపోసుకుంటూ వచ్చాం. ఎదురుగా బంగాళాఖాతం నిండా నీళ్ళు. పుక్కిలించడానికి కూడా పనికిరావు.

మహానంది కోనేటి అడుగున సూది పడినా కనబడుతుందని గొప్పలు చెప్పుకునే ఊరివాళ్ళం మేము. బిందె పట్టుకుని చీకట్లో బయలుదేరాం. తోపు అవతల నాలుగు గుడిసెలు. వలలు సర్దుకుంటున్న ఒక నడివయసు ఆవిడను నీళ్ళెక్కడ దొరుకుతాయమ్మా అని అడిగాం.

"నీళ్ళా? మీరు నిలబడ్డ చోటే ఉన్నాయి గదయ్యా" అంది ఆవిడ.

వేళాకోళం అనుకున్నాం. కాదు. ఇసుక దిబ్బ వెనకాల, సముద్రానికి కూతవేటు దూరంలో, ఆవిడ కాయగూరల మడి పక్కనే ఒక గుంట ఉంది. దాన్ని అక్కడివాళ్ళు దొరువు అంటారు. మేము వంకలోనో వాగులోనో ఇసుక తోడితే ఊరే దాన్ని చెలమ అంటాం. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలుదారిలో, అడవి మధ్య 'చెలమ' అని ఒక స్టేషనే ఉంది. మాట వేరు గాని నీళ్ళు ఒకటే. దోసిట పట్టి తాగాం. తియ్యగా ఉన్నాయి.

"లోతు తవ్వమాకండయ్యా. పైపైన తీసుకోవాల. లోతుకు పోతే ఉప్పు తగులుద్ది" అంది ఆవిడ.

ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది పెద్ద శాస్త్రమే. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన 1 అడుగు మంచినీళ్ళుంటే, అవి కింద సుమారు 40 అడుగుల దాకా ఉప్పునీటిని అదిమిపట్టి ఉంచుతాయని లెక్క. ఆశపడి లోతుగా తోడితే ఆ తూకం తప్పుతుంది. ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంవాళ్ళు ఈ దొరువులనే మెరుగుపరిచి, పైపొర నీటిని మాత్రమే తోడే పద్ధతి ఒకటి రైతులకు నేర్పారు. అంటే ఎంత పుచ్చుకోవాలో తెలిసినవాడికే తియ్యనీరు.

బిందె నిండగానే బావ జేబులోంచి వందరూపాయల నోటు తీశాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "నీళ్ళకు డబ్బులేందయ్యా!" అని, ఆ మాట అనిపించుకున్నందుకు మా మీద కొంచెం జాలిపడినట్టుగా చూసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బావకు నిద్ర పట్టలేదు. "ఊరికే తాగితే మనసొప్పదబ్బా. ఏదో ఒకటి ఇచ్చే పోవాల" అంటాడు పక్కకు తిరిగినప్పుడల్లా. వందరూపాయలు పోతే కలగని బాధ, వందరూపాయలు మిగిలితే కలిగింది ఆయనకు.

ఏ పన్నెండింటికో ఎవరో బండి తలుపు తట్టారు. ఆ గుడిసెల్లోని కుర్రాళ్ళు. "సార్, లైటార్పండి. తాబేలు ఎక్కతా ఉంది" అన్నారు గుసగుసగా. బండి బయట బావ ముచ్చటపడి బిగించిన దీపం గట్టంతా వెలుగు పోస్తున్నది. ఆర్పేసి, ఇసుకలో చప్పుడు చేయకుండా కూర్చున్నాం. వెన్నెల్లో ఒక నల్లటి బండరాయి నెమ్మదిగా నడిచి వచ్చింది. ఆలివ్ రిడ్లే జాతి తాబేలు. వెనక కాళ్ళతో కుండలాగా గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్ళంతా ఊపి నేల చదును చేసి, వెనుదిరిగి చూడకుండా నీళ్ళలోకి పోయింది.

ఈ తాబేళ్ళు ఏటా చలికాలం చివర మన తీరానికి వస్తాయి. ఒక్కొక్కటి వంద గుడ్ల దాకా పెడుతుంది. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు పైకి వచ్చి, వెలుతురు ఎటు కనిపిస్తే అటు పరుగెత్తుతాయి. వాటి లెక్కలో వెలుతురంటే ఆకాశం కింద మెరిసే సముద్రం. మనం గట్టు మీద దీపం పెడితే, పాపం, దాన్నే సముద్రమనుకుని ఇటు వచ్చి చస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జీవికి పూర్తి రక్షణ ఇచ్చింది. గుడ్లు ముట్టుకోవడం కూడా నేరం. అయినా ఆ రాత్రి మా చేత దీపం ఆర్పించింది చట్టం కాదు, నిద్ర మానుకుని వచ్చిన ఆ కుర్రాళ్ళు.

నాకు అక్కడ తట్టిన సంగతి ఇది. వీపు మీద ఇల్లు మోసుకు తిరిగే జీవి కూడా, తన పిల్లలను మాత్రం ఆ ఇంట్లో పెట్టుకోలేదు. వాటిని ఇసుకకూ, ఎండకూ, ముక్కూ మొహమూ తెలియని మనుషుల మంచితనానికీ అప్పగించి పోవలసిందే. ఎంత దిట్టమైన డిప్ప ఉన్నా సరే, ఎక్కడో ఒకచోట లోకాన్ని నమ్మక తప్పదు.

తెల్లవారుజామున నీళ్ళు వెనక్కి తీశాయి. తడి ఇసుక మీద దువ్వెనతో దువ్వినట్టు అలల గీతలు. అక్క స్నానానికి దిగితే బావ వంగి ఆ గీతల మీద వేలు పెట్టి చూస్తున్నాడు. ఆళ్ళగడ్డ శిల్పుల ఊరు. చిన్నప్పటినుంచి ఉలి చప్పుళ్ళ మధ్య పెరిగినవాడు గనుక రాయి కనబడితే వదలడు. "బామ్మర్దీ, ఈ గీతలు నేను చూసినా. అహోబిలం దావలో, రాతి మీద. ఎవరో చెక్కినారనుకుంటి గాని..." అని ఆగిపోయాడు.

ఎవరూ చెక్కలేదు. ఒకప్పుడు అదంతా సముద్రం. చేప అనేది పుట్టకముందు, కోట్ల ఏళ్ళ కిందట, మన నంద్యాల మైదానమూ, నల్లమలా నీటి అడుగున ఉండేవి. ఆ నాటి ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయి అయ్యాయి. విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ కడప, కర్నూలు శిలలను గురించి 1872లో పెద్ద గ్రంథమే అచ్చువేయించాడు. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఈనాటికీ ఒక పొరకు నంద్యాల పేరు, ఒక పొరకు కోయిలకుంట్ల పేరు, మరొకదానికి పాణ్యం పేరు. మన ఇళ్ళలో పరుచుకునే బేతంచెర్ల బండ ఆ సముద్రం అడుగే. గోడలకు పూసే సిమెంటుకు మూలమైన సున్నపురాయీ అదే. సముద్రం చూడడానికి రెండు వందల కిలోమీటర్లు వచ్చినవాళ్ళం, పుట్టినప్పటినుంచి సముద్రం మీదే పీట వేసుకుని భోంచేస్తున్నామన్నమాట! "నేనెవరికీ బాకీ లేను" అని రొమ్ము విరుచుకునే పెద్దమనిషి ఏ బండ మీద నిలబడి ఆ మాట అంటున్నాడో, ఆ బండే ఒక బాకీ.

బయలుదేరబోతుంటే రాత్రి నీళ్ళిచ్చిన ఆవిడ వచ్చింది. కాస్త తటపటాయించి, "ఒంగోలు మీదనే గదయ్యా పోయేది? మా అత్తకు కంట్లో పొర కమ్మింది. ఇయ్యాళ ఆసుపత్రికి రమ్మన్నారు. బస్సెక్కలేదు" అంది. బావ మొహం వెలిగిపోయింది. రాత్రంతా వెతుకుతున్నది దొరికినట్టయింది. ముసలావిడను తన బెర్తు మీదనే పడుకోబెట్టి, గుంట కనబడితే బండిని నడక కంటె నెమ్మదిగా పోనిచ్చాడు. ఎవరి మొహం చూడనక్కరలేదని కట్టుకున్న బండి ఆ పూట ఆసుపత్రి బండి అయింది. అందుకు బావ పొంగిపోవడం చూస్తే, దాన్ని కట్టింది ఇందుకేనేమో అనిపించింది.

నేను ఆలోచించిన సంగతి మరొకటి. రాత్రి ఆవిడ వందరూపాయలు పుచ్చుకుని ఉంటే, పొద్దున మా దగ్గరకు వచ్చి అడగగలిగేదా? నీళ్ళు అమ్మింది, డబ్బు పుచ్చుకుంది, లెక్క తీరిపోయింది. లెక్క తీరినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడనక్కరలేదు. ఆవిడ లెక్క తీరనివ్వలేదు. ఏదో ఆశించి అలా చేసిందని కాదు. నీళ్ళకు డబ్బులేమిటన్న మాట ఆవిడ నోట సహజంగానే వచ్చింది. కాని ఆ తీరని లెక్కే తెల్లవారేసరికి ఆవిడకు అడిగే చనువునూ, మాకు చేసే అవకాశాన్నీ ఇచ్చింది.

ఫ్రాన్సు దేశపు పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు విధుల మీద ఎన్నో సమాజాలు నిలబడి ఉన్నాయంటాడు ఆయన. ఇవ్వడం విధి అని మనకు అందరూ చెప్పారు. తిరిగి ఇవ్వడం విధి అని అప్పులవాళ్ళు గుర్తుచేస్తూనే ఉంటారు. పుచ్చుకోవడం కూడా ఒక విధే అన్న సంగతే మనం మరిచిపోయాం.

మా వైపు దేవుడు మరిచిపోలేదు లెండి. అహోబిలం నరసింహస్వామి ఏటా కనుమనాడు పల్లకి ఎక్కి పారువేటకు బయలుదేరతాడు. ముప్పైకి పైగా ఊళ్ళు, సుమారు నలభై రోజులు. తన పెళ్ళికి రమ్మని తానే ఊరూరా తిరిగి పిలుస్తాడని మా వాళ్ళ నమ్మకం. చెంచులకు ఆయన ఇంటల్లుడు. కొండమీద అంత కోవెల ఉన్నవాడికి పల్లెల్లో మకాం ఎందుకు? ఒకరి ఇంట దిగినవాడే ఆ ఇంటివాడవుతాడు గనుక. పెట్టించుకోనివాడు ఎంత గొప్పవాడైనా చుట్టం కాలేడు.

ఇక్కడ ఒక మాట అడ్డం వస్తుంది. "కరువు సీమలో పుట్టి అప్పును పొగుడుతున్నావా? అప్పు ఎన్ని కొంపలు కూల్చిందో తెలియదా?" అని మీరు అడగవచ్చు. తెలుసు. వాన రాక, పంట రాక, నోటు మీద వడ్డీ మాత్రం తప్పకుండా వచ్చిన ఇళ్ళు మాకు కొత్త కాదు. అందుకే మన భాష చాలా తెలివిగా రెండు మాటలు ఉంచింది. ఒకటి అప్పు, రెండోది చేబదులు. అప్పుకు కాగితం ఉంది, వడ్డీ ఉంది, గడువు ఉంది. అడిగినవాడు తలవంచుకోవాలి. చేబదులుకు ఇవేవీ లేవు. ఈ చేతినుంచి ఆ చేతికి, రేపు ఆ చేతినుంచి ఈ చేతికి. ఇవాళ నువ్వు అడుగుతావు, రేపు నేను అడుగుతాను. ఎప్పుడూ ఒకడే అడిగేవాడైతే అది చేబదులు కాదు, అప్పు కిందికే వస్తుంది. అప్పు తీర్చవలసిందే. చేబదులును మాత్రం పూర్తిగా తీర్చేయకూడదు. తీర్చేస్తే తిరగడం ఆగిపోతుంది.

ఒంటరి జీవితానికి గురువుగా లోకమంతా చెప్పుకునే అమెరికా రచయిత థోరో 1845లో వాల్డెన్ చెరువు గట్టున తన చేతులతో ఇల్లు కట్టుకున్నాడు. ఆ నేల మిత్రుడు ఎమర్సన్‌ది. చెట్లు కొట్టిన గొడ్డలి చేబదులు తెచ్చింది. తీసుకున్నప్పటికంటె పదునుగా ఉన్నప్పుడే దాన్ని తిరిగి ఇచ్చానని ఆయనే రాసుకున్నాడు. ఆయన పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి ఆ ఏకాంతం కాదు, ఈ గొడ్డలి. పూర్వం మన ఇళ్ళలో పక్కింటివాళ్ళ గిన్నెను ఖాళీగా తిరిగి పంపేవాళ్ళు కారు. కాస్త బెల్లమో, నాలుగు కరివేపాకు రెమ్మలో వేసి పంపేవాళ్ళు. గొడ్డలికి పదునూ గిన్నెలో బెల్లమూ ఒకటే మర్యాద.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎంతమందికి చదువులు చెప్పించాడో, ఎన్ని పెళ్ళిళ్ళకు సాయం చేశాడో లెక్కలేదు. ఎవరింటా మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. ఆఖరి ఏడాది మంచాన పడ్డాడు. కూతురు గ్లాసు నోటికి అందిస్తే, పరాయివాళ్ళకు చెప్పినట్టు "శ్రమ ఇస్తున్నానమ్మా" అనేవాడు. ప్రతిసారీ! చూడడానికి వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపించేయమనేవాడు. ఆయన మేలు పొందినవాళ్ళు పళ్ళు పట్టుకుని వచ్చి, అరుగు మీద పెట్టి, తలవంచుకుని వెళ్ళేవాళ్ళు. ఇంతకాలం ఆయన వాళ్ళకు ఇచ్చాడు గాని, తనకు ఇచ్చే గౌరవాన్ని మాత్రం వాళ్ళకు ఇవ్వలేదు. పుచ్చుకోవడం అరవై ఏళ్ళ పాటు అభ్యాసం చేయనివాడికి, మంచం మీద పడి ఒక్కసారిగా నేర్చుకోవడం ఎంత కష్టమో ఆయన కళ్ళలో కనబడేది. ఆ మంచం ఎవరికీ తప్పదు. ఏ క్యారవానుకూ అక్కడిదాకా దారి లేదు.

కాబట్టి ఈ విద్య కాస్త ముందుగానే మొదలుపెడితే మంచిది. పెద్ద ప్రయాణాలేమీ అక్కరలేదు. ఇంట్లో కాఫీపొడి నిండుగా ఉన్నప్పుడు మనమంతా ఉదారులమే. అయిపోయిన రోజున బజారుకు పరుగెత్తకుండా, ఒకసారి పక్కింటి తలుపు తట్టి చూడండి. వాళ్ళు ఇచ్చిన గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అంచుదాకా కొలిచి పొయ్యకండి. ఒక చెంచా ఎక్కువ పొయ్యండి, లేదా ఒక చెంచా తక్కువ. రేపు మళ్ళీ పలకరించుకోవడానికి ఆ చెంచాడు తేడా ఉండాలి.